గోడ మీద పదిహేను గీతలు

కళ్ళజోడు తడిగుడ్డతో గొంతు కోసింది. గిజిగాడు మూడు వారాలుగా ఈ మాటే అనుకుంటోంది. మధ్యాహ్నం బెల్లు కొట్టి, పిల్లలంతా టిఫిన్ డబ్బాలు పట్టుకుని వరండాలోకి పరుగెత్తినప్పుడు కూడా అదే అనుకుంది.

గిజిగాడు అంటే మగపిల్లాడు కాదు. పదేళ్ళ ఆడపిల్ల. వాళ్ళది కేన్ కుర్చీలు అల్లే ఇల్లు. మూడేళ్ళ వయసులోనే పేము బద్దలు ఒళ్ళో వేసుకుని కూర్చునేదని, గూడు అల్లే పిట్ట పేరు పెట్టి పిలిచాడు తాతయ్య. ఆడపిల్లకు 'గాడు' ఏమిటని అమ్మ అడిగిందట. ఆ పిట్టకు లేని బాధ నీకెందుకమ్మా అన్నాడట తాతయ్య. ఆ పేరే ఉండిపోయింది.

కళ్ళజోడు కూడా అద్దాలను బట్టి వచ్చిన పిలుపు పేరే; తాళాలు బాగుచేసే ఆయన కూతురు. గిజిగాడి స్నేహితురాలు. కాదు, ఒకప్పుడు స్నేహితురాలు. ఒకటో క్లాసు నుంచి ఇద్దరిదీ ఒకే బెంచీ. ఆదివారం చర్చిలోనూ పక్కపక్కనే. బడి వదిలాక కళ్ళజోడు తిన్నగా గిజిగాడి వాళ్ళ షెడ్డుకే వచ్చేది. పేము పట్టుకోవడం అక్కడే నేర్చుకుంది.

అలాంటి కళ్ళజోడు ఏం చేసిందో చూడండి. బడిలో చేతిపనుల ప్రదర్శన పెట్టినప్పుడు ఇద్దరూ కలిసి నెల రోజులు షెడ్డులో కూర్చుని, మూత ఉన్న బుట్ట ఒకటి అల్లారు. అడుగు గిజిగాడు అల్లింది. అంచు కళ్ళజోడు కట్టింది. మూతను ఇద్దరూ మూడుసార్లు విప్పి మూడుసార్లు అల్లారు. తీరా ప్రదర్శన రోజున గిజిగాడికి జ్వరం. హెడ్మిస్ట్రెస్ మేడమ్ బుట్టను చేతిలోకి తీసుకుని, ఇది ఎవరు అల్లారని అడిగింది. కళ్ళజోడు, "నేనేనండి మేడమ్," అంది.

అంతే. ఒక్క మాట. ఆ మాటకు ఒక కప్పు వచ్చింది. ఒక ఫోటో కూడా వచ్చింది. ఆఫీసు గది బయట నోటీసు బోర్డు మీద కళ్ళజోడు ఒక్కతే బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. మంచినీళ్ళ కుళాయి దగ్గరకు వెళ్ళాలంటే ఆ బోర్డు ముందు నుంచే పోవాలి. గిజిగాడికి ఆ ఫోటో చూశాక ఎన్ని నీళ్ళు తాగినా గొంతు ఎండిపోయినట్టే ఉండేది.

ఆ గురువారం కూడా కళ్ళజోడు వచ్చి పక్కన నిలబడింది. చేతిలో సగం యాపిల్ ఉంది. వాళ్ళమ్మ రోజూ ఒక యాపిల్ పెడుతుంది. ఒకటో క్లాసు నుంచి అందులో సగం గిజిగాడిదే. ఈ మూడు వారాలూ గిజిగాడు దాన్ని ముట్టుకోలేదు. అయినా ఆ పిల్ల తేవడం మానలేదు.

"తీసుకోవే," అంది కళ్ళజోడు మెల్లగా.

"ఎందుకు? ఈ యాపిల్ కూడా నువ్వే కాయించావని మేడమ్‌కి చెప్పుకో, పో," అంది గిజిగాడు.

చుట్టూ ఉన్న పిల్లలు గొల్లున నవ్వారు. కళ్ళజోడు అద్దాలు తీసి గౌను అంచుతో తుడుచుకుంది. అద్దాల మీద మరక ఏమీ లేదు. ఆ సంగతి గిజిగాడికి తెలుసు. బాగా అయింది అనుకుంది. కానీ నోట్లో ఉన్న రొట్టె ముక్క మాత్రం ఎంత నమిలినా గొంతు దిగలేదు.

రొట్టె సంగతి మరచిపోవడానికి గిజిగాడు తన గీతల గురించి ఆలోచించింది. షెడ్డులో తలుపు వెనక గోడ మీద, ఎవరి కంటా పడని చోట, సుద్దముక్కతో రోజూ ఒక గీత గీస్తోంది. కళ్ళజోడుతో మాట్లాడని ప్రతి బడి రోజుకూ ఒకటి. ఆ పొద్దున పదిహేనోది గీసింది. నిటారుగా రావాలని స్కేలు పెట్టి మరీ గీసింది. అందుకే బడికి ఆలస్యమయింది కూడా.

ఆ గీత గుర్తుకు వచ్చేసరికి దాని వెనకే ఇంకొకటి గుర్తుకు వచ్చింది. చేతిలోని డబ్బా మూత జారి కింద పడింది.

పేము. తొట్టిలో వెయ్యడం మరచిపోయింది.

పేము అంటే కుర్చీలకు వాడే తీగ కర్ర. సన్నటి బద్దలను అల్లికకు వాడతారు. లావుపాటి కర్రను వంచి వీపు కడతారు. ఎండిన పేము ఇనుప చువ్వలా ఉంటుంది. వంచాలంటే ముందు నీళ్ళ తొట్టిలో నానబెట్టాలి. కనీసం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నానాలి. నాన్న పొద్దున కుర్చీల బండి ఎక్కుతూ చెప్పిన పని అదొక్కటే. ఆ లావు పేము తొట్టిలో వెయ్యి తల్లీ, పైన రాయి పెట్టడం మరచిపోకు, సాయంత్రం రాగానే వంచాలి అన్నాడు. గిజిగాడు తల ఊపింది. ఊపి, సుద్దముక్క వెతుక్కుంటూ పోయింది.

ఆ పేము మామూలు కుర్చీకి కాదు. సండే స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పే టీచరమ్మకు. ఆవిడ మూడు నెలల కిందట మెట్ల మీద జారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అప్పటి నుంచి చర్చికి రావడం లేదు. చర్చిలో ఉన్నవి వీపు లేని బెంచీలు. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే జారిపోతోందంది. ఇనుప కుర్చీ వేస్తే గుచ్చుకుంటోందంది. ఈ ఆదివారం ఎలాగైనా వస్తాను, నాకో కుర్చీ చేసిపెట్టు అని తాతయ్యకు కబురు పంపింది. కాళ్ళు, కూర్చునే చట్రం అయిపోయాయి. వీపు వంపు ఒక్కటే మిగిలింది. ఆ వంపుకు సరిపోయే పేము షెడ్డులో ఒక్కటే ఉంది. మళ్ళీ సరుకు రావాలంటే పది రోజులు.

సాయంత్రం బెల్లు కొట్టగానే గిజిగాడు ఒక్క బిగిన ఇంటికి పరుగెత్తింది. పేము గోడకు ఆనించినచోటే ఉంది. పొద్దున ఎలా ఉందో అలాగే, ఎండిపోయి, బిర్రబిగిసి ఉంది. దాన్ని తొట్టి దగ్గరకు ఈడ్చుకు వచ్చిందో లేదో, వీధిలో నాన్న బండి హారన్ వినిపించింది. అనుకున్నదానికన్నా గంట ముందే వచ్చేశాడు.

అప్పుడు గిజిగాడు ఒక పని చేసింది. బల్ల తుడిచే గుడ్డను తొట్టిలో ముంచి, పేమును ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచింది. మళ్ళీ ముంచి, మళ్ళీ తుడిచింది. పేము రంగు ముదిరి నిగనిగలాడింది. అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టే ఉంది.

"నానిందా తల్లీ?" అని అడిగాడు నాన్న లోపలికి వస్తూనే.

"ఆఁ, నానింది నాన్నా."

నాన్న తొందరలో ఉన్నాడు. మర్నాడు దూరపు ఆర్డరు ఉంది. రాత్రికి బండి మళ్ళీ నింపాలి. పేమును ఎత్తి బల్ల మీది అచ్చులో పెట్టాడు. అచ్చు అంటే వంపు ఎలా రావాలో అలా మేకుల వరుస కొట్టిన పలక. తాతయ్య వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. నాన్న బలంగా వంచాడు. పేము కిర్రుమంది. గిజిగాడు కళ్ళు మూసుకుంది.

ఫట్.

కళ్ళు తెరిచేసరికి విరిగిన ముక్క నేల మీద ఉంది. నాన్న అరచేతిలో ఎర్రటి చార పైకి ఉబికింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. తాతయ్య వంగి ముక్కను తీసుకుని, విరిగిన చోట బొటనవేలితో రాశాడు. తెల్లటి పొడి రాలింది.

"పైన తడి. లోపల పొడి," అన్నాడు.

గిజిగాడు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. కాసేపటికి, "తడిపాను కదా," అంది.

"తడపడం వేరు, నానడం వేరు అమ్మాయ్," అన్నాడు తాతయ్య.

దాంతో ఏడుపు వచ్చేసింది. మరచిపోయిన సంగతి, గుడ్డతో తుడిచిన సంగతి, నానిందని అబద్ధం చెప్పిన సంగతి అన్నీ ముక్కు ఎగబీలుస్తూ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. నాన్న కుళాయి కింద చెయ్యి కడుక్కుని, రుమాలు చుట్టుకున్నాడు. ఇప్పుడు పడతాయి తిట్లు అని గిజిగాడు కాచుకుని ఉంది. నాన్న ముడి వెయ్యలేక చెయ్యి ఆమె ముందుకు చాపాడు. గిజిగాడు ముడి వేసింది.

"సరే. ఈసారి రాయి పెట్టు," అన్నాడు నాన్న.

అంతే అన్నాడు. రెండో చేత్తో ఆమె తల నిమిరి, బండి నింపడానికి వెళ్ళిపోయాడు.

తాతయ్య మిగిలిన పేమును కొలిచాడు. విరిగింది జానెడు మీద రెండు వేళ్ళు. మిగిలిన దానితో వీపు కట్టొచ్చుగానీ, నాలుగు వేళ్ళు పొట్టిగా వస్తుంది. పరవాలేదులే, ఆవిడ కూడా ఈ మధ్య నాలుగు వేళ్ళు కుదించుకుపోయింది అన్నాడు తాతయ్య. గిజిగాడు ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

పేమును తొట్టిలో వేసింది. అది పైకి తేలింది. నొక్కింది. మళ్ళీ తేలింది. చివరికి రెండు చేతులతో రాయి మోసుకొచ్చి పైన పెట్టింది. అప్పుడు మునిగింది.

మర్నాడు పొద్దున లేవగానే అలవాటుగా సుద్దముక్క తీసుకుని తలుపు వెనక్కి వెళ్ళింది గిజిగాడు. పదహారో గీత గీయాలి. స్కేలు పెట్టింది. అంతలో తలుపు సందులోంచి, బయట నాన్న బండికి తాళ్ళు కడుతూ కనిపించాడు. రుమాలు కట్టిన చెయ్యి సరిగా సాగక, పళ్ళతో పట్టి ముడి బిగిస్తున్నాడు. గిజిగాడిని చూసి కనుబొమలు ఎగరేసి నవ్వాడు. నిన్న ఏమీ జరగనట్టే నవ్వాడు.

గిజిగాడు గోడ వంక చూసింది. పదిహేను గీతలూ కళ్ళజోడువే. నాన్న తన పేరిట ఒక్క గీత కూడా గీయలేదు. అబద్ధానికి ఒకటి, పేముకు ఒకటి, అరచేతికి ఒకటి. కనీసం మూడు గీయొచ్చు. గీయలేదు.

సుద్దముక్కను జేబులో వేసుకుంది.

వాళ్ళ ఇంట్లో పని మొదలుపెట్టే ముందు షెడ్డులో బల్ల చుట్టూ నిలబడి ప్రార్థన చేస్తారు. అమ్మ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే వచ్చి నిలబడుతుంది. అందరూ కలిసి చెప్పే ప్రార్థన అది. ఇతరుల తప్పులు మేము మన్నించినట్టే మా తప్పులూ మన్నించమని అడిగే మాట అందులో ఉంది. మూడు వారాలుగా సరిగ్గా అక్కడికి వచ్చేసరికి గిజిగాడు పెదవులు బిగించేసేది. ఆ మాట దాటాక మళ్ళీ అందుకునేది. ఎవరికీ తెలియదు అనుకుంది. ఆరోజూ అలాగే ఆగింది. కానీ ఆరోజు ఆ మౌనం చాలా పొడుగ్గా అనిపించింది.

నాన్న బండి కదిలింది. అమ్మ పడుకోవడానికి వెళ్ళింది. తాతయ్య తొట్టి దగ్గర ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, పేము ఎంత నానిందో వేలితో నొక్కి చూస్తున్నాడు.

"ప్రార్థనలో ఒక గొంతు రోజూ ఒకే చోట తెగిపోతోంది. అక్కడేమైనా గుంత ఉందా?" అన్నాడు తల ఎత్తకుండానే.

గిజిగాడికి చెవులు వేడెక్కాయి. "దేవుడికి అబద్ధం చెప్పకూడదు కదా తాతయ్యా. నేను కళ్ళజోడుని మన్నించలేదు. మన్నించానని ఎలా అంటాను?"

తాతయ్య నవ్వలేదు. మంచి ప్రశ్నే అన్నట్టు తల ఊపాడు. తర్వాత తన తమ్ముడి సంగతి చెప్పాడు. గిజిగాడు ఎప్పుడూ చూడని చిన్న తాతయ్య. ఒక సుత్తి ఎవరిదన్న దగ్గర మాటామాటా పెరిగిందట. ఒకే వీధిలో ఉంటూ పద్నాలుగేళ్ళు మాట్లాడుకోలేదట.

"చివరికి ఎవరు గెలిచారు?"

"నేనే గెలిచాను. గెలిచి వెనక్కి తిరిగి చూస్తే, వాడు లేడు," అన్నాడు తాతయ్య. గోడకు వేలాడుతున్న సుత్తి వంక చూశాడు. అది పాత సుత్తి. దాన్ని ఆయన వాడడం గిజిగాడు ఎప్పుడూ చూడలేదు.

తర్వాత తాతయ్య పేము వంక చూపించి, దీన్ని గుద్దితే మెత్తబడుతుందా అని అడిగాడు. గిజిగాడు లేదంది. తిడితే? లేదు. మరి నీ పని ఏమిటి అన్నాడు. నీళ్ళలో ముంచి ఉంచడం, తేలిపోకుండా రాయి పెట్టడం అంది గిజిగాడు. మెత్తబరచే పని నీళ్ళదే.

"నీ లోపలిదాన్నీ నువ్వు మెత్తబరచలేవు. నేను పద్నాలుగేళ్ళు చూశాను, నా వల్ల కాలేదు. అది దేవుడి పని. నువ్వు లేనిది ఉందని చెప్పకు. నాకు రావడం లేదు, నువ్వే మెత్తబరచు అని అడుగు. అడిగి, అక్కడే ఉండు. పైకి తేలిపోకు."

ఆ మాట చెప్పి తాతయ్య లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. వెళుతూ వెళుతూ, మీ నాన్న రాత్రికిగానీ రాడు, సాయంత్రం కొస పట్టుకోవడానికి పక్క షాపు వెల్డర్ మామను పిలవాలి అని గొణుక్కున్నాడు. ఆయనకు చేతులు వణుకుతాయి. అచ్చు మీద నొక్కగలడుగానీ వంచలేడు.

గిజిగాడు తొట్టిలో చెయ్యి పెట్టింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. కళ్ళు మూసుకోలేదు. పేమునే చూస్తూ మనసులో అంది.

'దేవుడా, నాకింకా కోపంగానే ఉంది. కళ్ళజోడు చేసింది తప్పే. కానీ నా లోపల పొడిగా ఉంది. పైన తుడిచి నిన్ను మోసం చెయ్యను. నువ్వే నానబెట్టు.'

ఏమీ జరగలేదు. కోపం ఉన్నచోటే ఉంది. పేము చివర నుంచి ఒక చిన్న బుడగ పైకి వచ్చి, టప్పున పగిలింది. అంతే. గిజిగాడు చెయ్యి తుడుచుకుని, జేబులోని సుద్దముక్కను దాని డబ్బాలో వేసేసి, బడికి వెళ్ళింది.

మధ్యాహ్నం బెల్లు కొట్టింది. ఆరోజు కళ్ళజోడు రాలేదు. నిన్నటి మాట తర్వాత ఎవరు వస్తారు? గిజిగాడు డబ్బా మూత తీసింది. మళ్ళీ పెట్టింది. నీళ్ళు తాగుదామని లేచింది. నోటీసు బోర్డు ముందుకు వచ్చేసరికి ఎప్పటిలా తల తిప్పుకోబోయి, ఎందుకో ఆగి చూసింది.

ఫోటోలో కళ్ళజోడు మధ్యలో నిలబడలేదు. బెంచీ మీద రోజూ కూర్చున్నట్టే ఒక పక్కకు జరిగి నిలబడింది. రెండో పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. మూడు వారాలుగా రోజూ ఈ బోర్డు ముందు నుంచే పోతోంది. ఆ ఖాళీ ఒక్కసారీ కంటపడలేదు.

గిజిగాడు నీళ్ళు తాగలేదు. కుళాయి వెనక మెట్ల మీద కళ్ళజోడు ఒంటరిగా కూర్చుని ఉంది. డబ్బా మూత మీద సగం యాపిల్ ఉంది. కోసి చాలాసేపు అయినట్టుంది, అంచులు ఎర్రబడ్డాయి. ఈరోజూ సగానికి కోసింది.

గిజిగాడికి వెనక్కి పోదామనిపించింది. పైకి తేలిపోకు అన్న మాట గుర్తుకు వచ్చింది. వెళ్ళి పక్కన కూర్చుంది.

పుల్ల విరిచినట్టే వచ్చింది మాట.

"సాయంత్రం షెడ్డుకు రా. టీచరమ్మ కుర్చీకి వంపు పట్టుకోవాలి."

కళ్ళజోడు ఉలిక్కిపడి చూసింది. "మీ నాన్న లేకపోతే వెల్డర్ మామ ఉన్నాడుగా."

"ఆయన ఇనుమనుకుని పట్టుకుంటాడు."

కళ్ళజోడుకు నవ్వు వచ్చింది. కానీ నవ్వొచ్చో లేదో తెలియక ఆపుకుంది. "నా మీద కోపం పోయిందా?"

గిజిగాడు నిజమే చెప్పింది. "మొత్తం పోలేదు. నానుతోంది."

ఆ మాట కళ్ళజోడుకు అర్థం కాలేదు. అప్పుడు గిజిగాడు పేము సంగతంతా చెప్పింది. తడిగుడ్డ, అబద్ధం, నాన్న అరచెయ్యి, అన్నీ చెప్పింది. తన తప్పు చెప్పుకుంటూ ఉంటే మాట తేలిగ్గా వస్తోంది. కళ్ళజోడు విని, అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తనూ చెప్పింది. మేడమ్ అడిగినప్పుడు నేనేనండి అందట. వెనకే గిజిగాడి పేరు కూడా చెప్పబోయిందట. ఈలోగా అందరూ చప్పట్లు కొట్టేశారట. ఆ చప్పట్లు బాగున్నాయట. అందుకని నోరు మూసుకుందట.

"రోజూ చెబుదామనే వస్తున్నా. రోజూ నువ్వు మొహం తిప్పేసుకుంటున్నావు. కానీ తప్పు నాదే. సారీ."

గిజిగాడు మూత మీది యాపిల్ ముక్క తీసుకుని కొరికింది. అంచులు వాడినా లోపల తియ్యగానే ఉంది.

సాయంత్రం ఇద్దరూ షెడ్డుకు వచ్చేసరికి తాతయ్య అచ్చు బల్ల తుడిచి సిద్ధంగా ఉన్నాడు. కళ్ళజోడును చూసి, ఓహో అనలేదు, ఆహా అనలేదు. వెల్డర్ మామకు సెలవు ఇద్దాంలే అన్నాడు. పేమును ముగ్గురూ కలిసి తొట్టిలోంచి తీశారు. నిన్నటిదానికన్నా ఎంత బరువుందో. నీళ్ళు తాగిన పేము అలాగే ఉంటుంది.

తాతయ్య పేము నడిమి భాగాన్ని మేకుల మీద నొక్కి పట్టాడు. గిజిగాడు ఒక కొస, కళ్ళజోడు ఇంకో కొస పట్టుకున్నారు. ఇద్దరూ ఒకేసారి, ఒకే బలంతో లాగాలి. ఒకరు తొందరపడితే వంపు ఒక పక్కకు పోతుంది. నెమ్మది, నెమ్మది, అది ఎంత వస్తే అంతే అంటున్నాడు తాతయ్య. పేము వంగింది. ఇంకొంచెం వంగింది.

నిన్న విరిగిన మలుపు దగ్గరకు వచ్చింది. కిర్రుమంది.

కళ్ళజోడు భయపడి వదిలెయ్యబోయింది. ఈ పేము పోతే ఇక కుర్చీ లేదు. ఆదివారం టీచరమ్మ రాదు.

"వదలకు. నేనూ పట్టుకునే ఉన్నాను," అంది గిజిగాడు.

తాతయ్య ఒక చెయ్యి తీసి, మగ్గుతో గోరువెచ్చని నీళ్ళు ఆ మలుపు మీద పోశాడు. ఎవరూ లాగలేదు, ఎవరూ వదల్లేదు. ఊపిరి పీల్చి అలాగే ఉన్నారు. నీళ్ళు బల్ల మీద నుంచి కారి ఇద్దరి కాళ్ళూ తడిసిపోయాయి. ఇప్పుడు చూడండి అన్నాడు తాతయ్య. ఇద్దరూ మెల్లగా లాగారు. పేము చప్పుడు చెయ్యకుండా చివరి మేకు దాకా వచ్చి కూర్చుంది. తాతయ్య తాడు చుట్టాడు. ముడి మాత్రం పిల్లలిద్దరి చేతా వేయించాడు.

శనివారమంతా వంపు అచ్చులోనే నీడపట్టున ఆరింది. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది కదా అని కళ్ళజోడు అడిగింది. తొందరగా ఆరితే మళ్ళీ మొండికేస్తుంది అన్నాడు తాతయ్య. పక్కన ఫ్యాను పెట్టాడు, అంతే. సాయంత్రం తాడు విప్పాక కూడా వంపు వంపులాగే నిలిచింది. నాన్న రుమాలు కట్టిన చేత్తో దాన్ని ఒకసారి నిమిరి, కుర్చీకి బిగించాడు. అల్లికలో అందరూ తలో చెయ్యి వేశారు. అమ్మ డ్యూటీకి వెళ్ళేముందు నాలుగు వరసలు అల్లింది.

ఆదివారం చర్చిలో ముందు వరస పక్కన కుర్చీ వేశారు. టీచరమ్మ చేతికర్ర ఊతంగా వచ్చింది. అడుగడుగుకీ ఆగుతూ వచ్చి, కుర్చీ చేతులు తడిమి చూసి కూర్చుంది. నెమ్మదిగా వెనక్కి ఆనుకుంది. కళ్ళు మూసుకుంది. పిల్లలంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"నా వీపు కొలత ఎవరు తీసుకున్నారు?" అంది కళ్ళు తెరవకుండానే. తాతయ్య దగ్గాడు. పొట్టిగా వచ్చిన ఆ నాలుగు వేళ్ళ సంగతి ఆయన చెప్పలేదు. ఆవిడ కళ్ళు తెరిచి, వంపు మీద చెయ్యి వేసి, "ఇంత నున్నగా ఎవరు వంచారు?" అని అడిగింది.

కళ్ళజోడు నేల చూపులు చూసింది. అందరి కళ్ళూ గిజిగాడి మీదే ఉన్నాయి. కుర్చీల ఇంటి పిల్ల కదా. నేనే అంటే కాదనేవాళ్ళు లేరు.

"మేమిద్దరం టీచర్," అంది గిజిగాడు. పక్కనున్న కళ్ళజోడు చెయ్యి పట్టుకుని కొంచెం ముందుకు లాగింది.

కళ్ళజోడు మొహం ఎర్రబడింది. గిజిగాడి చెవి దగ్గరకు వంగి, రేపు మేడమ్‌కి కూడా ఇదే మాట చెబుతానంది. నేనూ తోడు వస్తాలే అంది గిజిగాడు.

టీచరమ్మ కూర్చున్నచోటి నుంచే పాట ఎత్తుకుంది. గొంతు బలహీనంగా ఉన్నా శ్రుతి తప్పలేదు. పాట తర్వాత అందరూ కలిసి చెప్పే ప్రార్థన వచ్చింది. ఆ మాట దగ్గరకు వచ్చింది. గిజిగాడి గొంతు కొంచెం వణికింది. కానీ ఆగలేదు. ముందు వరసలో తాతయ్య తల తిప్పలేదు. ఆయన భుజాలు మాత్రం ఒక్కసారి కిందికి దిగాయి, బరువు దించుకున్నట్టు.

మధ్యాహ్నం గిజిగాడు బల్ల తుడిచే గుడ్డ తడుపుకుని షెడ్డులో తలుపు వెనక్కి వెళ్ళింది. పదిహేను గీతలు. స్కేలు పెట్టి గీసినవి కదా, ఒక తుడుపుకు పోలేదు. మళ్ళీ తడిపి, మళ్ళీ తుడిచింది. చివరికి గోడ మీద తడి మాత్రం మిగిలింది.

తాతయ్య వచ్చి వెనక నిలబడ్డాడు. చేతిలో ఆ విరిగిన పేము ముక్క ఉంది. ఈ గొడవలో మొత్తం ఎంత పోయింది అని అడిగాడు.

గిజిగాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. జానెడు మీద రెండు వేళ్ళ పేము. పదిహేను బడి రోజులు. రోజుకు సగం చొప్పున, ఏడున్నర యాపిల్స్.